వీడియో ఉత్తరాల్లో వెతికిన మనిషి

ఆ రోజుల్లో మా వైపు వీడియో అంటే పెళ్ళే. గుడివాడలో గానీ బందరులో గానీ ఎవరైనా భుజాన కెమెరా పెట్టుకుని సందులోకి వచ్చారంటే "ఎవరింట్లోనండీ పెళ్ళి?" అని అడిగేవారే తప్ప ఇంకో ప్రశ్న ఎవరికీ తోచేది కాదు. నష్టాన్ని వీడియో తీయించుకునేవాళ్ళు ఉంటారని, దుఃఖాన్ని టేపు చుట్టి పోస్టులో పంపవచ్చని మాకు తెలీదు. ఇప్పుడు నేను చెప్పబోయే గొడవంతా అక్కడే మొదలైంది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. తెలివితేటలు లేవని నేననను, వాటిని వాడే అలవాటు లేదు, అంతే.

మాది గుడివాడ. తాతయ్య బడిపంతులు, నాన్న బడిపంతులు, బాబాయి తాలూకాఫీసులో గుమాస్తా. నేను బీకాం పూర్తిచేసి, టైపు హయ్యరు పాసై, ఏ ఉద్యోగమూ రాక మా వీధి అరుగులన్నీ నున్నగా చేస్తున్న కాలంలో తుఫాను వచ్చింది. (తుఫాను వల్ల బాగుపడ్డవాళ్ళలో నేనొకణ్ణని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.) తుఫాను తర్వాత బందరులో ఒక స్వచ్ఛంద సంస్థ మేడమీద రెండు గదులు తీసుకుని ఆఫీసు పెట్టింది. దాన్ని నడిపే ఆయన్ని అందరం పెద్దసారు అనేవాళ్ళం. ఆయన నన్ను అడిగినవి మూడు ప్రశ్నలు. "ఇంగ్లీషు మాట్లాడితే అర్థమవుతుందా?" "అవుతుందండీ." "బస్సుల్లో తిరగ్గలవా?" "తిరుగుతానండీ." "వీడియో కెమెరా పట్టడం వచ్చా?" "వచ్చండీ." కెమెరాని నేను అంతవరకు మా మావయ్య కూతురి పెళ్ళిలో పదడుగుల దూరం నుంచి చూశాను. కానీ అడిగినదానికి అవుననడం మర్యాద అని మా ఇంట్లో నేర్పారు, నేను ఆ ఒక్క పాఠం మాత్రం క్షుణ్ణంగా నేర్చుకున్నాను.

పని ఏమిటంటే, ఎక్కడో మంచు కురిసే దేశంలో సముద్రం ఒడ్డున ఒక పల్లె ఉంది. వాళ్ళూ చేపలు పట్టేవాళ్ళే. అక్కడి ఆడవాళ్ళంతా ఒక సంఘంగా చేరి దివిసీమలో తుఫానుకి దెబ్బతిన్న ఒక పాలేనికి సాయం చేద్దామనుకున్నారు. డబ్బు పంపి ఊరుకోకుండా, మనం వాళ్ళనీ వాళ్ళు మనల్నీ చూసుకోవాలి, మాట్లాడుకోవాలి అన్నారు. భాష రాదు కాబట్టి వీడియో ఉత్తరాలు అన్నమాట. వాళ్ళో టేపు తీసి పంపుతారు, మేం ఊళ్ళో అందరినీ కూర్చోబెట్టి చూపిస్తాం. మేమో టేపు తీసి పంపుతాం, వాళ్ళందరూ కూర్చుని చూస్తారు. అక్కడ ఇంగ్లీషు వచ్చిన టీచరమ్మ ఒకావిడ ఉంది. ఇక్కడ ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేను. రెండు ఊళ్ళ మనసులూ మా ఇద్దరి నోటి మీద ఆధారపడ్డాయన్నమాట. పాపం, ఆవిడకి తెలీదు.

మొదటి టేపు తీయడానికి నేను బస్సులో కోడూరు దాకా వెళ్ళి, అక్కడినుంచి కెమెరా పెట్టెతో కాలువగట్టు మీద నడిచి పాలెం చేరేసరికి ఊరు ఊరంతా తయారై ఉంది. పిల్లల మొహాలకి పౌడరు. పెద్దాయన ఒకరు ఇస్త్రీ చొక్కా వేసుకుని నడుం వంచకుండా నిలబడ్డారు, మడత నలుగుతుందట. ఆడవాళ్ళు ఒకరి చీర ఒకరు కట్టుకుని, తల్లో చేమంతులు పెట్టుకుని బారుగా నిలబడ్డారు. పెద్దసారు నాకిచ్చిన కాగితంలో "జరిగిన నష్టం గురించి సహజంగా మాట్లాడించవలెను, కూలిన ఇళ్ళు చూపించవలెను" అని ఉంది. కూలిన ఇల్లు ఏదమ్మా అంటే, ఇదిగో ఇక్కడే అని నాలుగు చీరలు కలిపి కట్టిన పరదా చూపించారు. వెనక గోడ పడిపోయి అసహ్యంగా ఉందని దానికి పరదా కట్టి, ముందు కుర్చీలు వేశారు. పోనీ ఏమైనా బాధ చెప్పండమ్మా అంటే ఒకావిడ నన్ను చూసి జాలిపడింది. "ఇదేంటి బాబూ, శుభమా అని వీడియో తీత్తా ఏడవమంటావు? దూరాన ఉన్నోళ్ళు చూసి బెంగెట్టుకోరూ?" అంది. దాంతో అరగంట టేపూ "మేం బాగున్నాం, మీరు బాగున్నారా, మీ పిల్లలు బాగున్నారా" తోనే నిండిపోయింది.

ఆ వరసలో చివర పసుపు పచ్చని పట్టుచీరతో ఒకామె ఉంది. ఎండురొయ్యల గంప పెట్టుకుని బస్సుల్లో ఊళ్ళు తిరిగి అమ్మేది కాబట్టి నేను రొయ్యలక్క అనేవాణ్ణి. చేతుల నిండా గాజులు, మొహాన ఇంత బొట్టు, ఊళ్ళో అందరికంటే ఎక్కువ పూలు. ఆమె నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగింది. "తమ్ముడూ, ఈ టేపు ఫారిన్‌కేగా ఎల్లేది?" "అవునక్కా." "అక్కడ అందరూ చూత్తారా?" "అందరూ చూస్తారు." "మా ఆయన అక్కడుంటే ఆయనా చూత్తాడుగా?" అప్పుడు నేను కెమెరా కంటికి ఆనించుకుని, బొమ్మ మసగ్గా ఉందేమిటా అని ఏదో తిప్పుతున్నాను. వాళ్ళాయన గల్ఫుకో ఎక్కడికో వెళ్ళి ఉంటాడనుకున్నాను. అసలు అనుకున్నానో లేదో కూడా గుర్తులేదు. "ఎందుకు చూడడక్కా, తప్పకుండా చూస్తాడు" అన్నాను. ఆమె పరదా ముందుకెళ్ళి నిలబడి, మన పెళ్ళినాటి చీర కట్టుకున్నాను చూడు, మీ అమ్మ బాగానే ఉంది, తొందరగా రా అని కెమెరాకి చెప్పింది. నేను బొటనవేలు పైకెత్తి బాగా వచ్చిందన్నాను.

బస్సు కోసం కాలువ వంతెన దగ్గర నిలబడ్డప్పుడు గానీ విషయం తెలీలేదు. తుఫాను ముందురోజు వేటకెళ్ళిన పడవలో నలుగురున్నారు. ముగ్గురి శవాలు మూడు చోట్ల ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. నాలుగో మనిషి దొరకలేదు. అతను రొయ్యలక్క మొగుడు. ఎన్నో ఏళ్ళ క్రితం ఒక పడవ ఇలాగే కొట్టుకుపోయి, ఏదో పరాయి దేశం ఒడ్డున తేలి, అందులోవాళ్ళు ఆర్నెల్ల తర్వాత ఇంటికొచ్చారని పాలెంలో ఒక కథ ఉంది. ఆమె దాన్ని పట్టుకుని ఉంది. అతని తల్లి, అంటే ఆమె అత్తగారు, దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించేద్దామంటుంది. ఈమె ఒప్పుకోదు. కులపెద్దలు చెప్పినా ఒప్పుకోదు. నాతోపాటు బస్సు కోసం నిలబడి ఇవన్నీ చెప్పిన పాలెం ఆయన, "ఇయ్యాళ కాత్త నెమ్మదించిందిలే, నువ్వేదో చెప్పావంటగా" అన్నాడు. బస్సు వచ్చింది. నేను వెనక్కి నడిచి వెళ్ళాల్సింది. బస్సెక్కాను, కిటికీ పక్కన సీటు దొరికిందని సంతోషించాను కూడా.

టేపు వెళ్ళింది. జవాబు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ నేను పాలెం వెళ్ళినప్పుడల్లా ఆమె "వచ్చిందా తమ్ముడూ?" అనేది, నేను "వచ్చేస్తుందక్కా" అనేవాణ్ణి. తీరా వచ్చాక, కోడూరులో టీవీ, టేపులు వేసే వీడియో డెక్కు అద్దెకిచ్చే ఆయన్ని (అందరికీ ఆయన డెక్కు బావే) బతిమాలి, ఒక ఆదివారం పొద్దున్నే సామాను రిక్షాలో వేయించి పాలెం బడి వరండాలో పెట్టించాం. టేపులో ఆ చలిదేశం ఆడవాళ్ళు బల్ల వెనకాల కూర్చున్నారు. అందరూ నల్లకోట్లు, జుట్టు కత్తిరించుకుని ఉన్నారు, ఒక్కళ్ళకీ బొట్టు లేదు, పూవు లేదు, గాజు లేదు. పాలెం ఆడవాళ్ళందరూ ఒక్కసారి నోటిమీద చెయ్యేసుకున్నారు. "అయ్యో, ఇంతమందికి ఎవరు పోయారో!" "ఈళ్ళా మనకి సాయం పంపేది? ముందు ఈళ్ళకే పంపాలి." ఒకావిడ కన్నీళ్ళు పెట్టుకుంది. అటు చూస్తే, టీచరమ్మ నవ్వుతూ ఇంగ్లీషులో చెబుతోంది. మీ పండుగ చాలా బాగుంది, ఇళ్ళు చాలా అందంగా ఉన్నాయి, పసుపు బట్టల పెళ్ళికూతురికి మా అందరి శుభాకాంక్షలు.

అందరూ నా వైపు తిరిగారు. "అక్కా, నీ చీర బాగుందంటున్నారు" అన్నాను. ఆమె విన్లేదు. టీవీకి మూరెడు దూరంలో కూర్చుని బల్ల వెనక గోడ పక్కన ఎవరో నడుస్తుంటే వాళ్ళని చూస్తోంది. "ఆపు, అక్కడాపు!" అంది. డెక్కు బావ ఆపాడు. గీతలు గీతలుగా ఒక మనిషి మొహం వణుకుతూ నిలబడింది. గడ్డమున్న ముసలాయన. "కాదు. ఎల్లనియ్." ఇంకో మగమనిషి. "ఆపు. కాదు." అలా టేపులో ఉన్న ఐదుగురు మగాళ్ళనీ ఆపి ఆపి చూసింది. డెక్కు బావ నా చెవిలో "హెడ్డు అరిగిపోద్దండీ, ఇలా ఆపితే" అని గొణిగాడు గానీ ఆమె చెప్పినప్పుడల్లా ఆపాడు. టేపు అయిపోయాక ఆమె నిదానంగా నా వైపు తిరిగింది. "ఈ ఊరు కాదులే తమ్ముడూ. ఇంకో ఫారిన్‌కి పంపు. ఫారిన్ మొత్తం ఎన్ని ఊళ్ళు?"

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. అక్కా, ఆ రోజు నేను ఆలోచించకుండా అన్నాను, ఆ ఊళ్ళలో ఎక్కడా మీ ఆయన ఉండడు అని రెండు ముక్కలు. ప్రపంచంలో ఎన్ని దేశాలున్నాయో నేను చిన్నప్పుడు క్విజ్ పోటీలో చెప్పి స్టీలు గ్లాసు గెలుచుకున్నవాణ్ణి. "చాలా ఉన్నాయక్కా" అన్నాను. ఆమె మొహం విప్పారింది. "అయితే ఒకటొకటిగా పంపుదాం" అంది.

మర్నాడు అత్తగారు కోడూరు బస్టాండుకి వచ్చి నన్ను పట్టుకుంది. నేను మామ్మా అనేవాణ్ణి. ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే తేలికయ్యేది. నా పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చుని చెప్పింది. "నా కొడుకు పోయాడు బాబూ. కన్నదాన్ని, నాకు తెలుత్తానే ఉంది. ఉప్పునీళ్ళలో పోయినోడు. ఎంత దాహంగా ఉంటదో ఆలోచించు. ఒక్క దోసెడు మంచినీళ్ళొదిలే దిక్కు లేదు. నీ టేపులొచ్చేదాకా ఒద్దంటంది." నేను తల దించుకున్నాను. "నేను పోయాడంటే నన్ను శత్రువుని చూసినట్టు చూత్తది. పెద్దోళ్ళ మాట వినదు. ఆ పెట్టెలోంచి చెబితే వింటది. ఆళ్ళ చేతే లేడని చెప్పించు నాయనా."

ఆ సాయంత్రం ఆఫీసులో టైపు మిషను ముందు కూర్చున్నాను. నాకు రాయడం వచ్చిన ఉత్తరం ఒక్కటే, ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పిన ఆఫీసు ఉత్తరం. అందుకని అలాగే కొట్టాను. విషయం, కనబడని జాలరి గురించి. పై విషయమునకు సంబంధించి మనవి చేయునది ఏమనగా, పసుపు చీరలో ఉన్నామె పెళ్ళికూతురు కాదు. ఆమె భర్త సముద్రంలో పోయాడు. టేపు మీ ఊరు వస్తే అతను చూస్తాడని నేను ఆమెకు చెప్పాను. తప్పు నాది. అతను మీ వద్ద లేడని మాకు తెలుసు. అయినను దయచేసి వెతికి, లేడని వీడియోలో తెలియపరచగలరు. ఇట్లు తమ విధేయుడు. పెద్దసారు చదివారు. "డబ్బు పంపేవాళ్ళని మనిషిని వెతకమంటున్నావుటయ్యా?" అన్నారు. ఆయన మళ్ళీ మొదటినుంచి చదివి, రెండు కామాలు పెట్టి, ఆఫీసు ముద్ర వేసి ఇచ్చారు.

ఈసారి టేపు ఆరు వారాల్లో వచ్చింది. మళ్ళీ బడి వరండా, మళ్ళీ డెక్కు బావ. నమస్కారాలు లేవు, బల్ల లేదు. పొడుగాటి ఒక ముసలావిడ, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, ఒడ్డున ఒక కొట్టు తలుపు తీసింది. లోపలికెళ్ళింది. బయటికొచ్చి కెమెరా వైపు చూసి, తల అడ్డంగా ఊపి, వాళ్ళ భాషలో రెండు మాటలంది. ఇంకో తలుపు. మళ్ళీ లోపలికెళ్ళి వచ్చి తల ఊపింది. కట్టేసిన పడవ మీద పట్టా ఎత్తి చూసింది. ఇంకొకావిడ వలలు ఆరేసే అటక ఎక్కి చూసింది. మరొకావిడ ఐసు గదిలోకి వెళ్ళి మొహం ఎర్రగా చేసుకుని వచ్చింది. ఒకావిడ తన ఇంట్లోకి కెమెరాని తీసుకెళ్ళి వంటింట్లో చూసి, పడగ్గదిలో చూసి, వంగుని మంచం కింద కూడా చూసింది. మా పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆవిడ లేచి కెమెరా వైపు తిరిగి తల ఊపిన తీరు చూసి నవ్వు మానేశారు. మొదట రెండు మూడు తలుపులకి నేను "లేడంటున్నారు" అని చెప్పాను. తర్వాత నా అవసరం లేకపోయింది. పిల్లలే ముందు మొదలుపెట్టారు, అక్కడ తల ఊపగానే ఇక్కడ "లేడు" అని. తర్వాత ఆడవాళ్ళు కూడా. తలుపు తెరుచుకోవడం, లేడు. పట్టా లేవడం, లేడు. రొయ్యలక్క ప్రతి తలుపుకీ ముందుకి వంగుతోంది. చివరకి వాళ్ళ చర్చిలో గోడ మీద సముద్రంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కి ఉంటే, ముసలావిడ పై నుంచి కింద దాకా ఒక్కో పేరు మీద వేలు పెట్టుకుంటూ వచ్చి, ఆఖరి పేరు దగ్గర ఆగి, ఇక్కడ కూడా లేడన్నట్టు తల ఊపింది. ఆ ఊపుతో పాటు రొయ్యలక్క తల కూడా ఊగింది. నేను చూశాను.

ఆ తర్వాత ముసలావిడ కోటు జేబులోంచి ఒక ఫోటో తీసి చూపించింది. టీచరమ్మ ఇంగ్లీషులో చెప్పింది. నేను ఈసారి ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. ఇతను ఈవిడ తమ్ముడు, చిన్నతనంలోనే వాళ్ళ సముద్రంలో పోయాడు, దొరకలేదు, వీలైతే మీ ఒడ్డున కూడా ఒకసారి చూడమంటున్నారు.

టీవీలో చుక్కలు వచ్చాయి. ఎవరూ లేవలేదు. "పాపం, మంచం కింద కూడా చూసింది" అంది రొయ్యలక్క. తర్వాత అత్తగారి మోకాలి మీద చెయ్యేసి "అత్తా, పంతులుగారికి కబురెట్టించు" అంది. అప్పుడు ఏడ్చింది. అత్తగారు ఆమెని ఒళ్ళోకి లాక్కుంది. డెక్కు బావ టీవీ వెనక్కి వెళ్ళి వైర్లు పీకుతున్నట్టు నటించాడు. నాకు నటించడానికి ఏ వైర్లూ లేవు.

సముద్రం ఒడ్డున కర్మ జరిగింది. నేను వెళ్ళలేదు, జ్వరమని చెప్పాను. ఇరవై రోజుల తర్వాత వెళ్తే ఆమె గంప పక్కన పెట్టి ఎదురొచ్చింది. మామూలు నేత చీర, బోసి నుదురు. చూడలేక పక్కకి చూశాను. "కెమెరా తెచ్చావా?" అంది. తెచ్చానన్నాను, ఎందుకక్కా అన్నాను. "ఎందుకేంటి? ఆళ్ళ పిల్లోణ్ణి ఎతకొద్దూ? ఆళ్ళు అంతలా ఎతికి, మనం చేతులు కట్టుకుని కూకుంటే ఏం మర్యాద?" అంది. ఆవిడ తమ్ముడు పోయి నలభై ఏళ్ళయి ఉంటుంది, సముద్రం కూడా వేరు అని నేను అనబోయి నోరు మూసుకున్నాను. నాకు తెలిసిన సంగతులన్నీ ఆమెకీ తెలుసని అప్పటికి అర్థమైంది.

మూడు రోజులు వెతికాం. పాలెం ఆడవాళ్ళు పన్నెండు మంది, కెమెరాతో నేను. వలల పాకలు, పడవల అడుగులు, రొయ్యల చెరువుల మీద మోటారు గదులు, ఐసు ఫ్యాక్టరీ, బడి, రామమందిరం. ఒక్కొక్కరూ లోపలికెళ్ళి, నిజంగా చూసి, వచ్చి కెమెరాకి "లేడమ్మా" అని తల ఊపారు. కోడూరు బస్టాండులో టీ కొట్టతను, టేపుతో పాటు పోస్టులో వచ్చిన ఆ తమ్ముడి ఫోటో చూసి హుషారుగా "తెల్లగా, పొడుగ్గా ఉంటాడా? మొన్న బంటుమిల్లిలో ఇలాంటాయన్నే చూసినట్టున్నానమ్మా" అన్నాడు. ఉత్త మంచితనం. రొయ్యలక్క అతని ఎదురుగా నిలబడింది. "నువ్వు చూశావా?" "చూసినట్టే…" "చూడకపోతే చూళ్ళేదని చెప్పు. అక్కడ ఒకావిడ కూకుని ఇది చూత్తది. నీకు ఒక్క మాట. ఆవిడకి ఆర్నెల్లు." టీ కొట్టతను బిత్తరపోయి "చూళ్ళేదమ్మా" అన్నాడు. నేను కెమెరా కంటి మీంచి తియ్యలేదు. ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

టేపు అయిపోవస్తోందనగా, ఒడ్డున ఇసకలో ఆమె నా ముందుకొచ్చింది. "అందరూ చెప్పారు. నువ్వొక్కడివే మిగిలావు. ఇటియ్యి" అని కెమెరా లాక్కుంది. ఎక్కడ నొక్కాలో చూపించాను. గంపలు మోసిన భుజం కదా, కెమెరా అక్కడ చక్కగా కూర్చుంది. "చెప్పు" అంది. ఇంగ్లీషులోనా తెలుగులోనా అని అడిగాను. "నీకెట్టా వస్తే అట్టా. అబద్ధం మాత్రం ఆడకు" అంది. నేను తల అడ్డంగా ఊపి "లేడు" అన్నాను.

ఆ టేపు పంపేముందు ఆఫీసులో ఒకసారి వేసి చూశాను. ఆమె తీసిన బొమ్మలో సముద్రం ఒరిగిపోయి ఉంది, నా తల పైన సగం తెగిపోయింది. సన్నటి మెడ, వదులు కాలరు, వచ్చీ రాని మీసం, ఎండకి చికిలించిన కళ్ళు, నోట్లోంచి ఆ ఒక్క మాట రావడానికి ఎంత ఆలస్యమో. తర్వాత నా పెళ్ళికి కూడా వీడియో తీశారు. అందులో నేను దండతో, బుగ్గన చుక్కతో, అడిగినవాళ్ళందరికీ అవునవునంటూ తల ఊపుతుంటాను. మా పిల్లలు అది చూసి నవ్వుతుంటారు, నేనూ నవ్వుతాను. ఆ కుర్రాణ్ణి ఎవరికైనా చూపించమంటే మాత్రం నేను రొయ్యలక్క తీసిన ఆ టేపే చూపిస్తాను. అది నా దగ్గర లేదు. మంచు కురిసే ఏదో ఊళ్ళో, ఒక ముసలావిడ బీరువాలో ఉండి ఉంటుంది.